మాలులో నీళ్ల లెక్క: సిమెంటు మోర్టారు బలం, మన్నిక (ప్రసంగ పాఠం)

నమస్కారం. ముందు వరుసలోకి రెండు దిమ్మెలు పంపిస్తున్నాను. చూసి వెనక్కి అందించండి. ఒకే సిమెంటు, ఒకే ఇసుక, ఒకే రోజు పోసినవి. మొదటిదాంట్లో సిమెంటు బరువులో సగం నీళ్లు పోశాం, రెండోదాంట్లో ముప్పావు వంతు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇప్పుడు ఒక్కోదాని మీద ఒక నీటి చుక్క వేయండి. మొదటిదాని మీద చుక్క కాసేపు గుండ్రంగా నిలబడుతుంది. రెండోదాని మీద పడీ పడకముందే ఇంకిపోతుంది. ఇవాళ మాట్లాడుకునేదంతా ఆ చుక్క గురించే.

"ఈ మాలు ఎన్నాళ్లు నిలుస్తుంది?" అని అడిగితే మనలో చాలామంది 28 రోజుల బలం కాగితం చూపిస్తారు. ఆ అంకె అబద్ధం చెప్పదు, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. 28వ రోజున, నిండా తడిసిన దిమ్మెను మిషన్‌లో నొక్కితే ఎంత బరువుకు పగిలిందో అంతవరకే చెబుతుంది. గోడలో మాలును అలా నొక్కి పగలగొట్టేది సాధారణంగా ఏదీ ఉండదు. దాన్ని పాడుచేసేది నీరు, నీరు మోసుకొచ్చే లవణాలు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు. ఇవన్నీ లోపలికి వెళ్లేది రంధ్రాల దారినే. ఆ రంధ్రాలు ఎక్కడివి? మనం పోసిన నీళ్లే.

లెక్క చూద్దాం. 100 గ్రాముల సిమెంటు పూర్తిగా గట్టిపడితే దాదాపు 23 గ్రాముల నీటిని రసాయనికంగా తనలో కలుపుకుంటుంది. ఇంకో 19 గ్రాములు ఆ గట్టిపడిన జిగురు పదార్థంలోని అతి సన్నని రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. మొత్తం 42. సిమెంటు శాస్త్రవేత్త టి.సి. పవర్స్ బృందం చేసిన పరిశోధనల్లో తేలిన లెక్క ఇది. అంటే నీరు–సిమెంటు నిష్పత్తి 0.42 దాటిందంటే, ఆ పైన పోసిన ప్రతి చుక్కా సిమెంటుకు పనికిరానిదే. అది తాను ఉన్న చోటును ఖాళీగా వదిలి ఆరిపోతుంది. ఆ ఖాళీలనే కేశనాళిక రంధ్రాలంటాం.

రంధ్రాలు ఉండటమే పెద్ద తప్పు కాదు. అవి ఒకదానికొకటి కలిసి ఉన్నాయా, మధ్యలో తెగాయా అన్నదే అసలు సంగతి. తడిగా ఉంచితే సిమెంటు జిగురు పెరుగుతూ పోయి ఆ దారుల్ని మూసేస్తుంది. ఎన్నాళ్లకు? 0.40 నిష్పత్తి అయితే సుమారు 3 రోజులు. 0.45 అయితే 7 రోజులు. 0.50కి 14 రోజులు. ఇంతవరకు పనిలో సాధ్యమయ్యే రోజులే. 0.60 దగ్గరికి వచ్చేసరికి 6 నెలలు. 0.70కి ఏడాది. 0.70 దాటితే ఎంతకాలం తడిపినా దారి మూసుకోదు. ఇవి సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు ముద్దకు వర్తించే అంకెలు. నీళ్లు కట్టడం ఎన్ని రోజులు అన్న ప్రశ్నకు "7 రోజులు" అని అందరం బట్టీ పట్టి చెబుతాం కదా, ఆ 7 ఏ నిష్పత్తికి సరిపోతుందో ఈ వరుస చూస్తే తెలుస్తుంది. 0.60తో కలిపి 7 రోజులు తడిపి ఆపేస్తే తలుపు సగం తెరిచి వదిలేసినట్టే.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రయోగశాలలో ప్రామాణిక మాలుకు నిష్పత్తి 0.50. గోడ కట్టడానికి 1:6, అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక కలిపే మేస్త్రికి ఆ నీళ్లు చాలవు, తాపీ కింద మాలు కదలదు. పని జరగాలంటే నీరు సిమెంటు బరువుకు దాదాపు సమానంగానో, అంతకు మించో పడుతుంది. మరి పై లెక్క ప్రకారం గోడలన్నీ ఈపాటికి పాడైపోవాలి కదా? పోవు. ఎందుకంటే ఇటుక మాలులోంచి నీళ్లు లాగేస్తుంది. ఇనుప అచ్చులో పోసిన దిమ్మెలో నీరు ఎక్కడికీ పోదు, ఇటుకల మధ్య పరిచిన 10 మి.మీ. పొరలో నీరు నిమిషాల్లో తగ్గిపోతుంది. అందుకే దిమ్మె బలానికీ, కీళ్లలోని మాలు బలానికీ నేరుగా పోలిక పెట్టకూడదు. రెండూ ఒకే గమేళాలోంచి వచ్చినా వేరు వేరు పదార్థాలు.

ఈ లాగుడు ఎక్కువైతే ఇంకో తంటా. సిమెంటు గట్టిపడటానికి కావలసిన నీరు కూడా ఇటుకలోకి పోతుంది. ఇటుకకూ మాలుకూ పట్టు ఉండదు, గోకితే పొడి రాలుతుంది. కొలవడం కష్టం కాదు. ఎండిన ఇటుకను తూచి, పరుపు ముఖం (మాలు మీద కూర్చునే వైపు) 3 మి.మీ. లోతు మునిగేలా సరిగ్గా ఒక నిమిషం నీటిలో ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువును ఆ ముఖం వైశాల్యంతో భాగించాలి. చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 1.5 కిలోలు దాటితే ఆ ఇటుకను తడిపే వాడాలి. తక్కెడ లేకపోతే ఇటుక మీద 25 మి.మీ. వెడల్పు వలయం గీసి, అందులో 20 చుక్కల నీరు వేయండి. 90 సెకన్లలోపు మొత్తం పీల్చేస్తే తడపాల్సిన ఇటుకే. తడపడమంటే ముందురోజు తడిపి, పైన నీరు ఆరాక వాడటం. నీళ్లు కారుతున్న ఇటుక మీద మాలు వేస్తే అది జారుతుంది, పట్టదు.

ఇప్పుడు ప్రయోగశాలలోకి వెళ్దాం. అక్కడ జరిగే పొరపాట్ల మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మన్నిక మీద వచ్చే వింత ఫలితాల్లో చాలా భాగం అక్కడే పుడతాయి.

సిమెంటు బలం కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 679 పద్ధతిలో ఒక కలయికకు 450 గ్రాముల సిమెంటు, 1350 గ్రాముల ప్రామాణిక ఇసుక, 225 గ్రాముల నీరు. నీటిని గ్రాముల్లో తూచండి, కొలజాడీలో కంటితో చూసి పోయకండి. 5 గ్రాములు తేడా వస్తే నిష్పత్తి 0.50 నుంచి 0.51 దాటిపోతుంది. ముందు నీరు, తర్వాత సిమెంటు. మిక్సర్ నెమ్మది వేగంలో 30 సెకన్లు. ఆ తర్వాతి 30 సెకన్లలో ఇసుక కొద్దికొద్దిగా పోయాలి. వేగం పెంచి మరో 30 సెకన్లు. అప్పుడు 90 సెకన్లు ఆపాలి. ఆ ఆగిన సమయం మొదట్లోనే గిన్నె గోడలకు, అడుగుకు అంటుకున్నది గీకి మధ్యలోకి తొయ్యాలి. మళ్లీ వేగంగా 60 సెకన్లు. గీకడం మరిచిపోతే అడుగున సిమెంటు ముద్ద ఉండిపోతుంది. అచ్చులో పడేది ఇసుక ఎక్కువైన మాలు. తర్వాత "సిమెంటు బాగాలేదు" అని రిపోర్టు రాస్తారు!

అచ్చులు 40 × 40 × 160 మి.మీ., మూడు దిమ్మెలు. రెండు పొరలుగా నింపి, ఒక్కో పొరకు కుదుపు బల్ల మీద 60 కుదుపులు. మర్నాడు అచ్చు విప్పి 20 డిగ్రీల నీటిలో ఉంచాలి. పరీక్ష రోజున ముందు వంచి విరుస్తాం, వచ్చిన ఆరు ముక్కల్ని నొక్కి పగలగొడతాం. నొక్కే వైశాల్యం 1600 చదరపు మి.మీ., కాబట్టి 72,000 న్యూటన్ల దగ్గర పగిలితే 45 మెగాపాస్కల్. ఆరింటిలో ఒకటి సగటుకు 10 శాతం కంటే ఎక్కువ తేడాగా ఉంటే దాన్ని తీసేసి మిగతా ఐదింటి సగటు. ఆ ఐదింటిలోనూ మరొకటి అలాగే దారి తప్పితే మొత్తం వరుస పారేయాలి. పారేయడానికి మనసొప్పక సగటు వేసేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు.

అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం సీ 109 పద్ధతి వేరు: 50 మి.మీ. క్యూబులు, 1:2.75, నిష్పత్తి 0.485. అందుకని ఒక పద్ధతిలో వచ్చిన అంకెను ఇంకో పద్ధతి హద్దుతో పోల్చకూడదు. ఇసుక వేరు, ఆకారం వేరు, ఉష్ణోగ్రత వేరు.

మిషన్‌లో పెట్టే ముందు ప్రతి క్యూబునూ తూచండి. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు, అయినా ఎవరూ చేయరు. 50 మి.మీ. క్యూబు ఘనపరిమాణం 125 ఘన సెం.మీ. మాలు సాంద్రత 2.2 అనుకుంటే 275 గ్రాములు తూగాలి. పక్కవి 275 దగ్గర ఉండి ఒకటి 262 తూగిందంటే అందులో దాదాపు 5 శాతం అదనపు గాలి ఉంది. గాలి ఒక్కో శాతానికి బలం సుమారు 5 శాతం తగ్గుతుంది. ఆ క్యూబు పావు వంతు తక్కువ బలం చూపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు, అది కూరడంలో లోపం. ఇంకో మాట: తాపీతో నున్నగా చేసిన పైముఖం మీద బరువు పెట్టకండి. అది సమతలంగా ఉండదు. పక్క ముఖాల మీద పెట్టాలి. క్యూబు ఆరిపోతే బలం ఎక్కువ చూపిస్తుంది, బరువు వేగంగా పెంచినా ఎక్కువే చూపిస్తుంది. రెండూ మనల్ని సంతోషపెట్టే తప్పులు. అందుకే వాటిని ఎవరూ వెతకరు.

ఇసుక దగ్గరికి వస్తే, పని జరిగే చోట నిష్పత్తి తప్పేది ఎక్కువగా దీనివల్లే. తడి ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ నీటి పొర పట్టి వాటిని ఎడంగా నిలబెడుతుంది. 4 నుంచి 6 శాతం తేమ దగ్గర ఇది చాలా ఎక్కువ, సన్న ఇసుకలో మరీను. గాజు జాడీలో తడి ఇసుకను 200 మి.లీ. గీత వరకు వదులుగా నింపండి. దాన్ని బయటికి తీసి, జాడీలో సగం నీళ్లు పోసి, ఇసుకను మళ్లీ వేసి కలియబెట్టండి. అది 160 గీత దగ్గర కూర్చుంటే 160కి 40, అంటే 25 శాతం ఉబ్బు. అప్పుడు 6 తట్టలు వేశామనుకున్నచోట నిజంగా పడింది 4.8 తట్టలే. పొద్దున తడి ఇసుకతో కలిపింది 1:4.8, మధ్యాహ్నం కుప్ప పైన ఎండిన ఇసుకతో కలిపింది 1:6. ఒకే గోడ మీద రెండు రకాల మాలు! రెండూ ఆరేటప్పుడు ముడుచుకునే తీరు వేరు, అందుకే పక్కపక్క పట్టీల మధ్య నెర్రెలు కనిపిస్తాయి. మట్టి పరీక్ష కూడా అదే జాడీలో చేయవచ్చు: కొంచెం ఉప్పు కలిపిన నీటిలో ఇసుక వేసి బాగా కుదిపి 3 గంటలు వదిలేయండి. పైన పేరుకున్న మెత్తటి పొర ఇసుక పరిమాణంలో 8 శాతం దాటితే ఆ ఇసుకను కడిగి వాడాలి. మట్టి రెండు విధాల చెరుపు: ఎక్కువ నీళ్లు అడుగుతుంది, రేణువుకూ సిమెంటుకూ మధ్య పొరలా కూర్చుంటుంది.

ముడుచుకోవడం గురించి ఒక్క లెక్క. మాలు ఆరేటప్పుడు 0.05 నుంచి 0.1 శాతం వరకు కుంచించుకుంటుంది. 0.06 అనుకున్నా 3 మీటర్ల గోడ మీద 1.8 మి.మీ. ఆ పొడవంతా ఎక్కడో ఒకచోట తీరాలి. ఒకే పగులుగా వస్తే నీళ్లు దూరతాయి. వందల సన్న గీతలుగా విడిపోతే పెద్దగా ఇబ్బంది లేదు. ప్లాస్టరింగ్‌లో సిమెంటు ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటుందని అనుకుంటారు కానీ, బలహీనమైన గోడ మీద బలమైన పొర వేస్తే అది ముడుచుకుంటూ కింది పొరను చీల్చుకుని లేస్తుంది. తాపీ పిడితో కొట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. తర్వాత పెచ్చులు ఊడతాయి. పైన తడి ఎక్కువైందని పొడి సిమెంటు చల్లి రుద్దడం కూడా ఈ కోవదే. పైన పల్చటి పొర మాత్రం సిమెంటు ముద్దగా మారి గుడ్డు పెంకులా చిట్లుతుంది. పాతకాలపు సున్నం కలిపిన 1:1:6 (సిమెంటు, సున్నం, ఇసుక) మాలు నీటిని పట్టి ఉంచుతుంది, కొంచెం వంగుతుంది కూడా. గోడ పనికి నా ఓటు దానికే, దిమ్మె బలం తక్కువ వచ్చినా సరే.

ఇక నీటి చుక్క పరీక్షను లెక్కలోకి తెద్దాం. దిమ్మె పక్కలు మైనంతోనో టేపుతోనో మూసేసి, కింది ముఖం మాత్రం 1 నుంచి 3 మి.మీ. నీటిలో తగిలేలా సన్న పుల్లల మీద నిలబెడతాం. 1, 5, 10, 20, 30, 60 నిమిషాలకు, తర్వాత గంట గంటకు 6 గంటల వరకు తూస్తాం. ప్రతిసారీ కింది ముఖాన్ని తడిగుడ్డతో అద్ది తుడవాలి. పెరిగిన బరువును వైశాల్యంతో భాగిస్తే నీరు ఎన్ని మి.మీ. పట్టిందో వస్తుంది. 2500 చదరపు మి.మీ. ముఖానికి 5 గ్రాములు పెరిగితే 2 మి.మీ. దీన్ని కాలం వర్గమూలంతో గీస్తే గీత తిన్నగా రావాలి: ఒక గంట గడిచేసరికి 2 మి.మీ. అయితే 4 గంటలు గడిచేసరికి 4 మి.మీ. గీత మధ్యలో వంగితే పగులు ఉందనో, మైనం కారిందనో అనుమానించండి. ఈ పరీక్షలో అసలు గండం దిమ్మెను ఆరబెట్టడం. తొందరపడి 105 డిగ్రీల ఓవెన్‌లో పెడితే సూక్ష్మమైన పగుళ్లు వచ్చి, మంచి మాలు కూడా స్పాంజిలా పీలుస్తుంది. 50 డిగ్రీల దగ్గర నెమ్మదిగా చేయాలి. సగం తడిసిన దిమ్మెను, పూర్తిగా ఎండిన దిమ్మెను పక్కపక్కన పెట్టి పోల్చితే తడిగా ఉన్నదే గొప్పగా కనిపిస్తుంది.

సల్ఫేటు దెబ్బకు పరీక్ష ఏఎస్‌టీఎం సీ 1012. 25 × 25 × 285 మి.మీ. కడ్డీలు, రెండు చివర్లా స్టీలు మొనలు. లీటరుకు 50 గ్రాముల సోడియం సల్ఫేటు ద్రావణంలో ఉంచి పొడవు కొలుస్తాం. సల్ఫేటు లోపలికి పోయి సిమెంటులోని ట్రైకాల్షియం అల్యూమినేట్ నుంచి వచ్చిన పదార్థాలతో కలిసి ఎట్రింజైట్ అనే స్ఫటికం అవుతుంది, చోటు చాలక ఒత్తిడి పెడుతుంది. ఎక్కువ నిరోధం ఉందనడానికి 6 నెలల్లో పొడవు పెరుగుదల 0.05 శాతం మించకూడదు. 250 మి.మీ. గేజి పొడవు (రెండు మొనల లోపలి చివర్ల మధ్య దూరం) మీద అదెంత? మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కాబట్టి కడ్డీని ఒకసారి తలకిందులుగా పెట్టినా, మొనకు ఇసుక రేణువు అంటుకున్నా, గది ఉష్ణోగ్రత మారినా కొలత పోయినట్టే. ప్రతిసారీ ముందు పొడవు మారని రిఫరెన్సు కడ్డీ, తర్వాత నమూనా. ఒక చివర గుర్తు పెట్టి ఎప్పుడూ అదే పైకి ఉంచండి.

ఈ పరీక్షలో ఒక తెలివైన నియమం ఉంది. కడ్డీల్ని ఫలానా వయసులో కాకుండా, తోటి క్యూబులు 20 మెగాపాస్కల్‌కు చేరాక ద్రావణంలో దింపుతారు. స్లాగు (ఇనుప కొలిమి చిట్టెం), ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) కలిపిన మాలు నెమ్మదిగా గట్టిపడుతుంది. అందరినీ ఒకే రోజున దింపితే అది పచ్చిగా ఉండగానే దెబ్బ తింటుంది. ఇంకోటి, కడ్డీ మొదటి నెలల్లో దాదాపు కదలదు, తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతుంది. 3 నెలల దగ్గర ఆపి "నిరోధం బాగుంది" అనడం అందుకే ప్రమాదం. పైగా ఆ ద్రావణంలో సల్ఫేటు లీటరుకు దాదాపు 34 గ్రాములు, మామూలు భూగర్భజలంలో ఉండేదానికి ఎన్నో రెట్లు. ఈ అంకెల నుంచి ఇన్నేళ్లు నిలుస్తుందని లెక్కగట్టడం కుదరదు. రెండు మాలుల్లో ఏది మేలో చెప్పడానికే ఇది పనికొస్తుంది.

మెగ్నీషియం సల్ఫేటు అయితే కథ మారుతుంది. అది ఉబ్బించడంతో ఆగదు, సిమెంటు జిగురులోని కాల్షియాన్నే మార్చేసి పట్టులేని పదార్థం చేస్తుంది. అప్పుడు పొడవు కొలిస్తే చాలదు, బరువు, బలం కూడా చూడాలి.

కడ్డీ మొత్తం మునిగి ఉంటుంది. గోడ అలా ఉండదు. అడుగు చెమ్మలో, పైభాగం గాలిలో. నీరు పైకి పాకి ఆవిరవుతుంది, లవణం అక్కడే మిగిలిపోతుంది. ఉపరితలం మీద తెల్లగా పూస్తే అది చూడ్డానికే చెడ్డ, తుడిచేయవచ్చు. పొర వెనక పేరుకుంటేనే ముప్పు. సోడియం సల్ఫేటు పొడి స్ఫటికం నీరు తాగి పది నీటి అణువుల స్ఫటికంగా మారితే ఘనపరిమాణం దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. తడిసి ఆరే ప్రతిసారీ అదే ఒత్తిడి. అందుకే గోడ అడుగున కాకుండా, చెమ్మ గీతకు కాస్త పైన పెచ్చులు ఊడతాయి. పూర్తిగా ముంచి చేసిన పరీక్షలో నెగ్గిన మాలు ఇక్కడ ఓడిపోవచ్చు. సగం ముంచి చేసే పరీక్ష కూడా పెట్టుకోండి.

ఫ్లైయాష్ గురించి తొందరగా: సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే కాల్షియం హైడ్రాక్సైడుతో అది చర్య జరిపి అదనపు జిగురు చేస్తుంది, దారులు మూస్తుంది. కానీ నెమ్మదిగా, తడి ఉంటేనే. 28 రోజుల దగ్గర తక్కువగా కనిపించి 90 రోజులకు మామూలు మాలును దాటడం సాధారణం. 3 రోజులు తడిపి వదిలేస్తే ఆ బూడిద ఉత్త పూరకంగా మిగిలిపోతుంది.

రెండు ప్రశ్నలు రాసి పంపారు. మొదటిది: "వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపితే ఈ గొడవంతా ఉండదు కదా?" వాటిలో చాలా రకాలు స్టియరేట్ల (సబ్బు లాంటి పదార్థాల) వంటివి. రంధ్రాల గోడలకు నీరు అంటకుండా చేస్తాయి. చుక్క పరీక్షలో బాగా కనిపిస్తాయి. రంధ్రం మాత్రం అలాగే ఉంటుంది, పగులూ అలాగే ఉంటుంది, నీటి ఒత్తిడి ఉన్నచోట ఆగవు. మోతాదు మించితే గాలి పట్టి బలం పడిపోతుంది. కలిపినవీ కలపనివీ క్యూబులు పోసి తూచండి. బరువు తగ్గితే కారణం అదే.

రెండోది: "బిగుసుకుంటున్న మాలులో మళ్లీ నీళ్లు పోయవచ్చా?" ఎండకు, గాలికి ఆవిరైన నీటిని తిరిగి పోసి కలపడం తప్పు కాదు, కలిపిన రెండున్నర గంటల్లోపు. ఆ తర్వాత బిగుసుకోవడం ఆవిరి వల్ల కాదు, సిమెంటు అప్పటికే పట్టడం మొదలైంది. నీళ్లు పోసి మెత్తబరిస్తే ఆ పట్టు విరిగి మళ్లీ అతకదు. తేడా తెలియడానికి తాపీ మొనతో గీత గీయండి. అంచులు నున్నగా వచ్చి గీత మెల్లగా కూడుకుంటే ఇంకా వాడవచ్చు. అంచులు విరిగి పొడిపొడిగా లేస్తే పారబోయండి.